సైకిల్ తొక్కేవారి నొప్పులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో సైకిల్ తొక్కేవారివే ఎక్కువ. వీరెవరూ పోటీలకు వెళ్లేవారు కారు, ఆరోగ్యం కోసమో ఇష్టం కొద్దీనో తొక్కేవారు. కిందపడి తగిలిన దెబ్బల గురించి ఒక్కరూ అడగలేదు. ఏ దెబ్బా తగలకుండా నెమ్మదిగా మొదలై, తొక్కేకొద్దీ పెరిగే నొప్పుల గురించే అందరూ రాశారు. ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ చూసేవి కూడా ఈ నొప్పులే కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఏడాదిగా వారానికి మూడు రోజులు, రోజుకు 15 కిలోమీటర్ల చొప్పున తొక్కుతున్నాను. రెండు నెలల క్రితం స్నేహితులతో కలిసి ఆదివారాలు కూడా 60 కిలోమీటర్లు వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పుడు కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. సైకిల్ మానేయాలా?

జవాబు: మానేయనక్కర్లేదు, అయితే కొన్ని వారాలు తగ్గించక తప్పదు. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. వారానికి 45 కిలోమీటర్లు తొక్కే మీరు ఒక్కసారిగా 105 కిలోమీటర్లకు వెళ్లారు. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పుతారనుకుంటే, ఒక్కో మోకాలు గంటకు 4,800 సార్లు ముడుచుకుని చాచుకుంటుంది. మూడు గంటల ప్రయాణంలో అది 14,400 సార్లవుతుంది. పరుగులో మాదిరిగా పాదం నేలను గుద్దుకునే అదురు ఉండదు కాబట్టి సైకిల్ మోకాళ్లకు మంచిదనే మాట నిజమే. కానీ కాలు ఒకే దారిలో, ఇంచుమించు ఒకే కోణంలో, ఇన్ని వేలసార్లు తిరగడం కూడా సైకిల్‌లోనే ఉంది. సీటు ఒక సెంటీమీటరు కిందికి ఉంటే 15 కిలోమీటర్లలో మీకు ఏమీ తెలియకపోవచ్చు, 60 కిలోమీటర్లు తొక్కేసరికి అదే తేడా నొప్పిగా బయటపడుతుంది. దూరం పెరిగినప్పుడు ఊపిరితిత్తులూ కండరాలూ కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు అంతకంటే చాలా నెమ్మదిగా బలపడతాయి. ఆయాసం రావడం లేదు, తొడల్లో శక్తి ఉంది అనే ధైర్యంతో దూరం పెంచినవారికే మోకాళ్ల నొప్పులు ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

ఇక సీటు సంగతి. మోకాలి చిప్ప తొడ ఎముక చివర ఉండే గాడిలో పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. మోకాలు బాగా మడతపడి ఉన్నప్పుడు బలంగా తొక్కితే చిప్ప ఆ గాడికి గట్టిగా అదుముకుంటుంది. సీటు కిందికి ఉన్నా, మరీ ముందుకు జరిగి ఉన్నా జరిగేది అదే. ఎత్తు సరిగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. మీరు రోజూ తొక్కే బూట్లే వేసుకుని, సైకిల్‌ను గోడ పక్కన నిలిపి, గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమను పెడల్ మీద ఉంచి పెడల్‌ను అట్టడుగుకు తిప్పండి. నడుము ఆ పక్కకు ఒరగకుండానే కాలు పూర్తిగా చాచుకోవాలి. ఆ తర్వాత పాదం ముందుభాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలిలో కొద్దిపాటి మడత మిగులుతుంది. కొలవగలిగినవారు కొలిస్తే, తిన్నగా చాచిన కాలికంటే అది 25 నుంచి 35 డిగ్రీల దాకా ఉండాలి.

ఇంకో పద్ధతి కూడా వాడుకలో ఉంది. బూట్లు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, రెండు కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకాన్ని గజ్జలకు ఆనేదాకా పైకి లాగి పట్టుకుని, పుస్తకం పై అంచు నుంచి నేల వరకు కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే ఆ దూరం 70.6 సెంటీమీటర్లు. ఈ లెక్కకు మీ బూటు మందం తెలియదు, పాదాన్ని కిందికి వంచి తొక్కే మీ అలవాటూ తెలియదు. కాబట్టి దీన్ని మొదలుపెట్టడానికి మాత్రమే వాడుకోండి. సీటు పెంచవలసి వస్తే ఒకసారికి 3 నుంచి 5 మిల్లీమీటర్లకు మించి పెంచకండి. సీటు రాడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సీటును ఒక సెంటీమీటరు లేపితే అది దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి కూడా జరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇదే నొప్పితో ఒకామె నా దగ్గరకు వచ్చినప్పుడు, సైకిల్ కూడా తీసుకురమ్మన్నాను. దూరం పెంచలేదు, దారి మారలేదు, సీటును తాకనే లేదని ఆమె గట్టిగా చెప్పారు. సీటు రాడ్డును బయటికి లాగి గుడ్డతో తుడిచి చూస్తే, ఎప్పటినుంచో బిగించి ఉన్నచోట పడిన మసక గీత ఒకటి, ఇప్పటి బిగింపుకు 14 మిల్లీమీటర్ల కింద కనిపించింది. బిగింపు కొద్దిగా వదులై, గతుకు గతుకుకూ రాడ్డు కిందికి దిగుతూ వచ్చింది. ఏ ఒక్క రోజూ తెలిసేంతగా దిగలేదు కాబట్టి ఆమె గమనించలేదు. సీటు పాత ఎత్తుకు తెచ్చి, తొడ కండరాల వ్యాయామాలు చేయించాక, ఏడు వారాల్లో ఆమె మునుపటిలా తొక్కగలిగారు. అందుకే సీటు ఎత్తు కుదిరిన రోజునే రాడ్డు చుట్టూ, బిగింపుకు సరిగ్గా పైన, ఒక టేపు ముక్క చుట్టమని అందరికీ చెబుతుంటాను. రాడ్డు జారితే ఆ టేపే చెబుతుంది.

మీ విషయంలో ముందుగా చేయవలసినది, ఆదివారం ప్రయాణాన్ని రెండు వారాల పాటు 30 కిలోమీటర్లకు తగ్గించడం. ఆ తర్వాత వారానికి 5 కిలోమీటర్ల చొప్పున పెంచుకోవచ్చు. ఎత్తుల్లో పెద్ద గేరుతో నిమిషానికి 50 సార్లు బలవంతంగా తొక్కేకంటే, చిన్న గేరు వేసి 75 నుంచి 85 సార్లు తిప్పండి. తొక్కేటప్పుడు పదికి మూడు మార్కుల లోపు నొప్పి ఉండి, మరునాటి ఉదయానికి తగ్గిపోతే కొనసాగించవచ్చు. అంతకు మించితే ఆ వారం దూరం పెంచకండి. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా పట్టు తప్పినా ఎముకల వైద్యుడిని కలవాలి.

ప్రశ్న: కొత్తగా పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూట్లు కొన్నాను. అప్పటి నుంచి 20 కిలోమీటర్లు దాటగానే ఎడమ మోకాలి బయటివైపు సూదితో పొడిచినట్లు ఉంటోంది. ఆపితే తగ్గుతుంది, మళ్లీ తొక్కితే వస్తుంది. బూట్లు అలవాటయ్యేదాకా ఓర్చుకోమంటున్నారు.

జవాబు: ఓర్చుకోవద్దు. మామూలు పెడల్ మీద పాదం తనకు అనువైన కోణానికి తానే జరుగుతుంది. బూటు అడుగున ఉండే క్లీట్ అనే ముక్క పెడల్‌లో బిగుసుకున్నాక ఆ స్వేచ్ఛ పోతుంది. పాదం ఒక కోణంలో బిగుసుకుని ఉంటే, ఆ కోణానికి సర్దుకోవలసిన భారమంతా మోకాలి మీద పడుతుంది. తుంటి నుంచి మోకాలి బయటివైపు దాకా దిగే దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. మోకాలు సుమారు 30 డిగ్రీలు మడతపడిన దగ్గర ఆ పట్టీ ఎముక అంచుకు ఒరుసుకుని ఒత్తిడికి లోనవుతుంది. పెడల్ అడుగుకు చేరే ప్రతిసారీ మోకాలు ఆ కోణానికి వస్తుంది. బూటు ముందుభాగం మరీ లోపలికి తిరిగి ఉంటే బయటివైపు, మరీ బయటికి తిరిగి ఉంటే లోపలివైపు నొప్పి రావడం సాధారణం.

ఒక ఎత్తైన బల్ల అంచున కూర్చుని, కాళ్లు కిందికి వేలాడదీసి, పాదాలను వదులుగా వదిలేసి పైనుంచి చూడండి. చాలామందికి రెండు పాదాలూ ఒకేలా ఉండవు. ఒకటి తిన్నగా ఉంటే మరొకటి పక్కకు తిరిగి ఉంటుంది. క్లీట్లను కూడా ఏ కాలికి ఆ కాలి కోణంలోనే బిగించుకోవాలి తప్ప, చూడటానికి రెండూ ఒకేలా ఉండాలని పట్టుబట్టకూడదు. మడమ కొన్ని డిగ్రీలు అటూ ఇటూ కదలనిచ్చే క్లీట్లు దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది అవే. ఇక ముందువెనకల సంగతి: క్లీట్ మధ్యభాగం బొటనవేలి మొదటి కీలుకు కొంచెం వెనకగా రావాలి. మరీ ముందుకు ఉంటే పిక్క కండరం, మడమ వెనక టెండన్ అదనపు భారం మోస్తాయి. ఆ టెండన్ ఒకసారి వాచిందంటే తగ్గడానికి నెలలు పడుతుంది. పెడలూ బూటూ మారాయి కాబట్టి సీటు ఎత్తు కూడా మీకు తెలియకుండానే మారి ఉంటుంది. పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ చూసుకోండి. సీటు ఎత్తు ఎక్కువైనా మోకాలి బయటివైపో వెనకవైపో నొప్పి వస్తుంది.

ప్రశ్న: గంటకు పైగా తొక్కితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మెత్తటి చేతి తొడుగులు వేసుకున్నా అంతే. ఇది గుండెకు సంబంధించినదేమోనని భయంగా ఉంది.

జవాబు: ఆ రెండు వేళ్లకూ వెళ్లే నరం అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు, ఒక ఇరుకైన దారి గుండా పోతుంది. హ్యాండిల్ సరిగ్గా అక్కడే ఒత్తుకుంటుంది. తొక్కుతున్నప్పుడే వచ్చి, చేతులు దులిపిన కొద్దిసేపటికి తగ్గే తిమ్మిరికి ఎక్కువగా ఇదే కారణం. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కితే మణికట్టు మధ్య నుంచి వెళ్లే మరో నరం నలుగుతోందని అర్థం. అయితే ఛాతీలో బరువుగా ఉండటం, ఆయాసం, దవడలోకి పాకే నొప్పి వంటివి తోడైతే మాత్రం సైకిల్ ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చేతి తొడుగులు ఒత్తిడిని కొంత పంచుతాయే గానీ, అసలు అంత బరువు చేతుల మీద ఎందుకు పడుతోందో చూడాలి. సీటు ముందు కొన కిందికి వంగి ఉంటే శరీరం ముందుకు జారుతూ ఉంటుంది, ఆ జారుడును చేతులు ఆపుతుంటాయి. కాబట్టి మొదట సీటును సమతలంగా చేయండి. హ్యాండిల్ మరీ దూరంగానో మరీ కిందికో ఉందేమో చూడండి. తర్వాత బ్రేకు లీవర్ల కోణం చూడాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. హ్యాండిల్ పట్టుకుని వేళ్లు లీవర్ మీద ఉంచినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరుసలో ఉండాలి. మణికట్టు పైకి విరిచినట్లు ఉంటే లీవర్లను కొద్దిగా కిందికి తిప్పి బిగించండి. మోచేతులను కాస్త వదులుగా వంచి ఉంచుతూ, కొన్ని నిమిషాలకోసారి పట్టు మారుస్తూ తొక్కండి. టైర్లలో గాలి రాయిలా గట్టిగా ఉంటే రోడ్డు అదురంతా అరచేతులకు చేరుతుంది. టైరు పక్కన ముద్రించిన హద్దుల్లోనే గాలి కొంచెం తగ్గించి చూడండి. తిమ్మిరి మరునాటికీ ఉన్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, వేళ్లను వెడల్పుగా చాచలేకపోయినా నరాల వైద్యుడి దగ్గరకు వెళ్లడం వాయిదా వేయకండి.

ప్రశ్న: పేరు ప్రచురించవద్దు. అరగంట తొక్కేసరికి కాళ్ల మధ్య భాగమంతా స్పర్శ తెలియకుండా మొద్దుబారుతోంది. ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నాను.

జవాబు: అడిగి మంచిపని చేశారు. మగవారిలోనూ ఆడవారిలోనూ ఇది కనిపిస్తుంది, కానీ సిగ్గు వల్ల చాలామంది బయటికి చెప్పరు. కూర్చున్నప్పుడు బరువును పిరుదుల కింది రెండు ఎముకలు మోయాలి. సీటు సన్నగా ఉన్నా, ఎత్తుగా ఉన్నా, ముందు కొన పైకి లేచి ఉన్నా ఆ బరువు మధ్యలో ఉండే నరాల మీదా రక్తనాళాల మీదా పడుతుంది. మెత్తటి సీటు కొంటే పోతుందనుకోవడం సహజమే. కానీ మరీ మెత్తటి సీటులో ఎముకలు దిగబడిపోయి, మధ్యభాగం పైకి ఉబికి ఒత్తిడి ఇంకా పెరగవచ్చు. గట్టి కుర్చీ మీద ఒక అట్టముక్క వేసి కొంచెం ముందుకు వంగి కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం కొలిచి, దానికంటే సుమారు 2 సెంటీమీటర్లు వెడల్పైన, మధ్యలో గాడి ఉన్న సీటు చూసుకోండి. సైకిల్ కోసం కుట్టిన మెత్త ఉన్న నిక్కరును లోదుస్తులు లేకుండా వేసుకోవాలి. పది నిమిషాలకోసారి పెడళ్ల మీద పైకి లేచి 20 సెకన్లు అలా తొక్కండి. మొద్దుబారడం మొదలైతే ఆ రోజుకు దిగిపోండి. దిగాక కూడా గంటల తరబడి స్పర్శ రాకపోయినా, మూత్రవిసర్జనలో గానీ దాంపత్య జీవితంలో గానీ తేడా కనిపించినా వైద్యుడికి చెప్పవలసిందే.

ప్రశ్న: సైకిల్ తొక్కడమే కాళ్లకు మంచి వ్యాయామం కదా! మళ్లీ వేరే వ్యాయామాలు ఎందుకు? తప్పనిసరైతే ఏవి చేయాలి?

జవాబు: సైకిల్ గుండెకూ ఊపిరికీ మంచి వ్యాయామం, కాళ్లకు మాత్రం సగమే. తొడ ముందు కండరాలకు పని బాగా ఉంటుంది. కటిభాగాన్ని అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచే తుంటి పక్క కండరాలకూ, నడుమునూ పొట్టనూ బిగించి ఉంచే కండరాలకూ పెద్దగా శిక్షణ దొరకదు. మీరు అలసిపోయిన చివరి గంటలో మోకాలు లోపలికి వాలకుండా చూడవలసినవి అవే. ఎముకల సంగతి కూడా ఉంది. సీటు శరీరబరువును మోస్తుంది కాబట్టి ఎముకలకు పని తగ్గుతుంది. ఏళ్ల తరబడి సైకిల్ తప్ప మరే వ్యాయామమూ చేయని వృత్తి సైక్లిస్టుల్లో వెన్నెముక సాంద్రత తక్కువగా ఉన్నట్లు పరిశోధనల్లో కనిపించింది. వయసు 40 దాటినవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మొదట ఒక పరీక్ష చేసుకోండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద అద్దానికి ఎదురుగా ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమ నేలను తాకేదాకా మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి, మళ్లీ లేవండి. పైన ఉన్న కాలి మోకాలిని చూస్తూ ఉండండి. అది రెండో వేలికి సూటిగా ముందుకు వెళ్లాలి. బొటనవేలి వైపు లోపలికి వాలినా, ఒక పక్క తుంటి జారినా, వణికినా బలం ఎక్కడ తక్కువో అక్కడే తెలుస్తుంది. ఎనిమిదోసారికో పదోసారికో వాలడం మొదలైతే, ఆ అలసటే దారిలో 40వ కిలోమీటరు దగ్గర కూడా వస్తుంది. నా దగ్గరకు వచ్చేవారు చాలామంది మొదటి రెండుసార్లు చక్కగా దిగి, ఆ తర్వాత తమ మోకాలిని చూసి తామే ఆశ్చర్యపోతారు. ఈ పరీక్షనే వ్యాయామంగా మార్చుకుని, ఒక్కో కాలికి పదేసి సార్ల చొప్పున మూడు విడతలు చేయండి.

దీనికి తోడు వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి నేలకు ఆనించి, రెండో కాలు చాచి, నడుమును పైకి లేపి ఐదు సెకన్లు ఆపడం పిరుదుల కండరాలకు మంచిది. పక్కకు పడుకుని మోచేతి మీద శరీరాన్ని కర్రలా లేపి ఉంచడం నడుము పక్క కండరాలను బలపరుస్తుంది. చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేతినీ కాలినీ చాచడం వీపుకు పనికొస్తుంది. పిక్కల కోసం మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి, మడమలను చాలా నెమ్మదిగా కిందికి దించాలి. మోకాలు తిన్నగా ఉంచి 15 సార్లు, కొద్దిగా వంచి 15 సార్లు చేయండి. వారానికి రెండు రోజులు, రోజుకు 25 నిమిషాలు చాలు. 12 సార్లు తేలిగ్గా చేయగలుగుతున్నారంటే భుజానికి బరువు సంచి తగిలించుకునే సమయం వచ్చినట్లే. మొదటి రెండు వారాలు ఒళ్లునొప్పులుంటాయి కాబట్టి దూర ప్రయాణానికి ముందురోజు మాత్రం చేయవద్దు. బయలుదేరే ముందు కండరాలను సాగదీస్తే గాయాలు రావనే నమ్మకానికి పెద్ద ఆధారం లేదు. మొదటి పది నిమిషాలు తేలిక గేరులో తొక్కడమే నయం. గజ్జల ముందుభాగాన్ని సాగదీసే వ్యాయామం దిగిన తర్వాత చేస్తే, గంటల తరబడి వంగి కూర్చున్న నడుముకు హాయిగా ఉంటుంది.

ప్రశ్న: తొక్కిన మరునాడు నడుము పట్టేస్తోంది, మెడ కూడా లాగుతోంది. నిపుణుల దగ్గర సైకిల్ ఫిటింగ్ చేయించుకుంటే తగ్గుతుందా? లేక నేనే సర్దుకోవచ్చా?

జవాబు: మెడ లాగడానికి ఎక్కువసార్లు కారణం హ్యాండిల్ కిందికి గానీ దూరంగా గానీ ఉండటమే. శరీరం ఎంత ముందుకు వంగితే, దారి చూడటానికి మెడను అంత పైకి ఎత్తవలసి వస్తుంది. హ్యాండిల్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు లేపించి, అవసరమైతే దాన్ని పట్టి ఉంచే స్టెమ్‌ను పొట్టిది వేయించుకోండి. నడుము విషయంలో, ఎవరినైనా మీ వెనక నుంచి తొక్కుతూ చూడమనండి, లేదా ఫోన్‌లో వీడియో తీయించండి. పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ పిరుదులు అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైందన్నమాట. ఈ రెండూ మీరే సరిచేసుకోగలిగినవి.

ఆరు వారాల్లో తగ్గకపోయినా, పాత గాయాలున్నా, కాళ్ల పొడవులో తేడా ఉందని అనుమానం ఉన్నా ఫిటింగ్ చేయించుకోవడం మంచిదే. మంచి ఫిటింగ్ సైకిల్‌తో కాక మనిషితో మొదలవుతుంది. మీరు ఎంత దూరం తొక్కుతారు, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అడగాలి. బల్ల మీద పడుకోబెట్టి తుంటి, మోకాళ్లు ఎంతవరకు కదులుతున్నాయో, తొడ వెనక కండరాలు ఎంత బిగుతుగా ఉన్నాయో చూడాలి. ఆ తర్వాతే సైకిల్ మీద చేయి వేయాలి. ముందు కొలతలు, తర్వాతి కొలతలు కాగితం మీద రాసివ్వాలి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ రమ్మనాలి, ఎందుకంటే శరీరం కొత్త భంగిమకు అలవాటయ్యాక అవసరాలు మారతాయి. మీ శరీరాన్ని తాకి చూడకుండా, యంత్రం చూపిన అంకెల ప్రకారం సీటు జరిపి పంపించేస్తే దాన్ని ఫిటింగ్ అనలేం. ఫ్రేమ్ పరిమాణమే మీకు సరిపోనిదైతే ఎవరూ పెద్దగా చేయగలిగింది ఉండదు, ఆ మాటను దాచకుండా చెప్పేవారినే నమ్మండి. నొప్పి నడుము నుంచి కాలిలోకి పాకినా, పాదం బలహీనమైనా, మూత్రం మీద అదుపు తప్పినా ఫిటింగ్ గురించి ఆలోచించకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

మీరే సర్దుకుంటారా, వేరేవారితో చేయించుకుంటారా అన్నది ఎలా ఉన్నా, ముట్టుకునే ముందు ఐదు కొలతలు ఒక పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి: ఇరుసు నుంచి సీటు ఎత్తు, సీటు కొన నుంచి హ్యాండిల్ దూరం, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఎత్తు తేడా, సీటు కింది పట్టాలపై అది ఎంత వెనక్కి ఉందన్నది, సీటు వంపు. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చి నొప్పి తగ్గితే ఏది పనిచేసిందో తెలియదు, పెరిగితే దేన్ని వెనక్కి తేవాలో తెలియదు. మార్చిన తర్వాత మొదటి మూడు ప్రయాణాలు చదునైన దారిలో, గంటకు మించకుండా ఉంచుకుని, మరునాటి ఉదయం నడుమూ మెడా ఎలా ఉన్నాయో ఆ కొలతల పక్కనే రాయండి.